పదకొండు నెలల ఎవారిస్తో

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులు దొర్లే ఉంటాయి. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడిపోతున్నాయి. అయినా హొవిత సంగతి ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను.

హొవిత భర్త ఎవారిస్తో మే నెలలో, వానలింకా రాకముందు పోయాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని మొక్కజొన్న రొట్టె, అదే తోర్తియా, తుంచి నోటి దాకా తెచ్చి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ వచ్చి చూసి, గుండె ఆగిందని రాసిచ్చింది. కూతురు నీవెస్, హొవిత కలిసి అతనికి స్నానం చేయించి తెల్లచొక్కా తొడిగారు. శవపెట్టె సంగతి తిబుర్సియో చూసుకున్నాడు. నీవెస్‌కి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు అతనే. అప్పట్నుంచీ రెండిళ్ళవాళ్ళూ ఒకరినొకరు కంపాద్రె, కొమాద్రె అని పిలుచుకుంటారు. అన్నదమ్ముల వరస కన్నా గట్టిది అది.

మా ఊరు హువామిల్పా ఎండల్లో శవాన్ని ఒక రోజు మించి ఉంచరు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఎవారిస్తోని అతని తల్లిదండ్రుల పక్కన పూడ్చాలి. అక్కడ మొగుడూ పెళ్ళాలిద్దరికీ సరిపడా చోటు ఉంచుకుని, చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొట్టుకున్నాడు అతను. కావలసిందల్లా జనన మరణాల ఆఫీసు నుంచి ఒక్క కాగితం. అది లేకుండా శ్మశానం కాపరి చోన్ గునపం ముట్టుకోడు. ఒకసారి మాట మీద పూడ్చి, మళ్ళీ తవ్వి తీయాల్సి వచ్చిన దగ్గర్నుంచీ దేవుడు దిగివచ్చి అడిగినా కాగితం చూపించమంటాడు.

మర్నాడు పొద్దున్నే హొవిత శాలువా కప్పుకుని తిబుర్సియోతో ఆఫీసుకి వెళ్ళింది.

ఆ ఆఫీసంటే దోన్ రొసెందో ఒక్కడే. మర్యాదకి మేము మగవాళ్ళని దోన్ అనీ, ఆడవాళ్ళని దోన్యా అనీ పిలుస్తాం. పూర్వం టైపు మిషన్ మీద టకటకా కొట్టి, రబ్బరు ముద్ర మీద నోటి ఆవిరి ఊది గట్టిగా అద్ది ఇచ్చేవాడు. వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చోకముందే పని అయిపోయేది. తర్వాత రాజధాని నుంచి కంప్యూటర్ వచ్చింది. కొత్తది కాదు, ఇంకేదో ఊళ్ళో వాడి పక్కన పడేసింది. వెనకంతా పొట్ట. అది రాజధానితో టెలిఫోన్ తీగ మీద మాట్లాడుతుంది. పాద్రీగారు ఆ నంబరుకి ఫోన్ చేస్తే చాలు, నోరు మూసుకుంటుంది. దాంతో పాటు ఊరికొక కొత్త మాట కూడా వచ్చింది: "సిస్టం లేదు." బడిలో పిల్లలు కూడా లెక్క చెయ్యమంటే సిస్టం లేదనేవారు.

"సిస్టం ఉందా దోన్ రొసెందో?" అన్నాడు తిబుర్సియో గడపలోనే.

"ఉన్నట్టుంది. గట్టిగా తుమ్మకు." రొసెందో లేచి హొవిత చేతులు రెండూ పట్టుకున్నాడు. "విన్నాను దోన్యా హొవితా. మంచి మనిషి. కూర్చోండి, ఇప్పుడే ఇచ్చేస్తాను."

రెండు వేళ్ళతో పేరు కొట్టాడు. ఆగాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. ఫ్యాన్ తిరుగుతోంది. హొవిత అతని మొహమే చూస్తోంది.

"ఇది ఒప్పుకోవడం లేదు," అన్నాడు చివరికి.

"ఏంటి ఒప్పుకోనిది?" అంది హొవిత.

"దోన్ ఎవారిస్తో పోయాడంటే."

"నమ్మకపోతే వచ్చి చూసుకోమను. ఐసు దిమ్మెల మీద పడుకోబెట్టాం," అన్నాడు తిబుర్సియో.

"అది కాదయ్యా. పోయాడని దీనికి ముందే తెలుసట. ఎప్పుడో పోయాడంటుంది. కోరింత దగ్గుతో, పదకొండు నెలల వయసులో. ఒకసారి పోయినవాణ్ణి రెండోసారి రాయనివ్వదు."

తిబుర్సియో నవ్వబోయి హొవితని చూసి ఆగిపోయాడు. ఆమెకి అర్థమైపోయింది. అత్తగారు మొక్కజొన్న ఒలుస్తూ చాలాసార్లు చెప్పిన సంగతే అది. ఆ అత్తగారికి తొలిచూలు మగపిల్లాడు పుట్టి ఎవారిస్తో అని పేరు పెడితే, పసితనంలోనే దగ్గు వచ్చి పోయాడు. తర్వాతి కాన్పులో మళ్ళీ మగపిల్లాడు. పేరు వృథా పోకూడదని అదే పేరు పెట్టారు. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ చేసేవారు. పేరు అదే అయినప్పుడు పుట్టుక మళ్ళీ రాయించడం దేనికి? ఆఫీసుకి వెళ్ళి రావడమంటే పొలం పని మానుకుని నడవాలి. పోయినవాడి జనన పత్రం ఇంట్లో ఉండనే ఉంది. ఆ కాగితంతోనే వీడు బడికి వెళ్ళాడు, పెళ్ళి చేసుకున్నాడు, పొలం రాయించుకున్నాడు, ఓటు వేశాడు. పుట్టినవాళ్ళ పుస్తకాలు ఒక బీరువాలో, పోయినవాళ్ళ పుస్తకాలు ఇంకో బీరువాలో ఉండేవి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. పోయినేడు లారీ వచ్చి పుస్తకాలన్నీ పట్టుకెళ్ళింది. రాజధానిలో ఎవరో వాటిని మిషన్‌లోకి ఎక్కించారు.

"ఆరు నెలల కింద ముసలివాళ్ళ పింఛను ఆగిపోయింది ఈయనకి," అంది హొవిత మెల్లగా. "అడగడానికి వెళ్తే సిస్టం లేదన్నారట. సరే, వచ్చినప్పుడు వస్తుందిలే అనుకున్నాం."

దిద్దమని రాజధానికి రాయాలి, అది కూడా ఫ్యాక్స్ మీద ముద్రతో వెళ్ళాలి, మరే విధంగానూ తీసుకోరు అన్నాడు రొసెందో. ఫ్యాక్స్ పంపాలంటే ముందు ఫోన్ చెయ్యాలి. అవతల ఉన్న మనిషి మీట నొక్కి టోన్ ఇస్తేనే కాగితం కదులుతుంది. ఫోన్ చెయ్యాలంటే కంప్యూటర్ తీగ పీకాలి.

పీకాడు. చాలాసేపు మోగింది.

"హలో, సెన్యోరితా, హువామిల్పా నుంచి రొసెందోని. కొంచెం టోన్ ఇస్తావా తల్లీ?... కాదమ్మా, హువామిల్పా... ఆఁ, టోను."

మిషన్ కూసింది. కాగితం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ ఫోన్. అవతల కాగితం చుట్ట అయిపోయిందట. కొత్త చుట్ట బీరువాలో ఉందట, తాళం ఇంకొకావిడ దగ్గరుందట, ఆవిడ భోజనానికి వెళ్ళిందట.

"అంత సేపు ఏం తింటుంది, ఎద్దునా?" అన్నాడు తిబుర్సియో.

ఆవిడ తిరిగి రానే లేదు. సాయంత్రం రొసెందో తలుపు వేస్తూ, "రేపు పొద్దున్నే మొదటి ఫోన్ నాదే, దోన్యా," అన్నాడు. అతని మొహం చూస్తే హొవితకే జాలేసింది.

ఇంటి దగ్గర పెట్టె కింద నేల మీద సున్నంతో శిలువ గీసి, చుట్టూ గిన్నెల్లో వెనిగర్, కోసిన ఉల్లిపాయలు పెట్టారు. ఐసు కరిగి గుమ్మం దాటి పారుతోంది. జపమాల చెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళు వెళ్ళిపోలేక, ఉండలేక గోడవార కూర్చున్నారు. వంటింట్లో, వచ్చినవాళ్ళకి ఆకుల్లో చుట్టి ఉడికించి పెట్టే తమాలెల పిండి రెండోసారి కలిపారు.

"ఎవారిస్తో ఎప్పుడూ అంతే. ఇంటికొచ్చినవాణ్ణి ఒక పట్టాన కదలనిచ్చేవాడు కాదు," అంది ఒకావిడ. నవ్వారు. నవ్వినవాళ్ళందరి ముక్కులకీ శాలువా కొంగులు అడ్డం ఉన్నాయి.

నీవెస్ తల్లి పక్కకి వచ్చి కూర్చుంది. "అమ్మా, మూత వేసేద్దామే."

"మీ చిన్నాన్న వాళ్ళు ఇంకా చూడలేదు కదే."

"చూడకపోతేనే మంచిదమ్మా."

హొవిత లేచి భర్త మొహం మీద విసురుతున్న విసనకర్ర పక్కన పెట్టింది. మూత వేశారు.

మర్నాడు ఫ్యాక్స్ వెళ్ళింది. జవాబు మధ్యాహ్నం వచ్చింది, అక్షరాలు సగం చెరిగిపోయి. రొసెందో కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చదివాడు. ఇద్దరూ వేరువేరు మనుషులని జడ్జి తేల్చాలి. సాక్షులు కావాలి. నెలలు పట్టవచ్చు.

"నెలలా!" అన్నాడు తిబుర్సియో. "అయ్యా, మాకు గంటలే లేవు. టైపు మిషన్ ఉందిగా, ఆ మూల. కొట్టు."

"ముద్రపడ్డ తెల్లకాగితాలన్నీ పట్టుకుపోయారయ్యా. ఉత్త కాగితం మీద కొడితే చోన్ తీసుకోడు. తీసుకుంటే ఇద్దరం జైలుకి వెళ్తాం."

"అయితే ఈ డబ్బాలోంచి ఏదీ రాదా? ఏదీ?"

రొసెందో రెండు వేళ్ళతో మళ్ళీ ఏదో కొట్టి చూశాడు. "ఒకటి వస్తుంది," అన్నాడు. "పాత మరణ పత్రం నకలు. దాన్ని పట్టి పూడ్చడానికి అనుమతి కూడా వస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో అనుమతి ఇచ్చినట్టు దీనికి తెలీదు. పేరు అదే, తల్లిదండ్రులు వాళ్ళే. కానీ దోన్యా, నా మాట విని ఆలోచించుకోండి. ఆ కాగితం మీద పూడిస్తే, పోయింది పసివాడే అని మీరే ఒప్పుకున్నట్టు. ఆ పైన ఇంకో ఎవారిస్తో ఉన్నాడని ఏ జడ్జి ముందు చెప్పినా నిలవదు."

"మరి నేను చేసుకున్నదెవర్ని?"

రొసెందో బల్ల వైపు చూశాడు. "మిషన్ లెక్కలో... ఎవరినీ కాదు. మీకు పెళ్ళి కాలేదు."

"పొలం?"

"అదీ అంతే."

"మా కొమాద్రె కన్యపిల్లన్నమాట!" అన్నాడు తిబుర్సియో. టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

హొవిత బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్ళకు పైగా ఒక మనిషికి తోర్తియాలు కాల్చింది. ఇప్పుడతను ఇంట్లో మూత కింద ఉన్నాడు. ఆ వాసన తన శాలువాకి కూడా పట్టింది. ఇందాక వీధిలో ఎదురొచ్చిన ఆవిడ తెలియకుండానే పక్కకి జరిగింది. అతను ఎండలో కూడా చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే మనిషి.

"అచ్చు కొట్టెయ్యి దోన్ రొసెందో," అంది.

"దోన్యా..."

"ఆయన్ని ఇంకో రాత్రి అలా ఉంచలేను. కొట్టెయ్యి."

ఎండ వాలకముందే పెట్టె ఎత్తారు. పాద్రీగారు గబగబా ప్రార్థన చెప్పారు. చోన్ శ్మశానం గేటు దగ్గర కాగితం అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ముద్ర చూసి తలూపాడు. తర్వాత వయసు చూశాడు.

"పదకొండు నెలలు," అన్నాడు.

"అది ఆఫీసు గోల. పద," అన్నాడు తిబుర్సియో.

"పద అంటే ఎక్కడికి? పసివాళ్ళ కాగితానికి దేవదూతల మూల. పెద్దవాళ్ళ వరసలో నంబరు వేస్తే నెలాఖరుకి మునిసిపాలిటీవాళ్ళు లెక్క చూస్తారు, మళ్ళీ తవ్విస్తారు. ఇంతకుముందు తవ్వాను దోన్యా. మీరు చూడకూడదది."

"మా మామగారి పక్కన చోటుంది, చోన్. నువ్వే చూశావు, ఇటుకలు పేర్చాడు."

"చూశాను. నేనేగా సున్నం కలిపి ఇచ్చింది."

మోసేవాళ్ళ భుజాలు వణుకుతున్నాయి. ఎవరూ ఎక్కువసేపు ఊపిరి బిగబట్టలేరు. హొవిత ఇటుకల వైపు ఒకసారి చూసి, "సరే, అక్కడికే," అంది.

దేవదూతల మూలలో అన్నీ మూరెడు గోతులు, తెల్ల శిలువలు. పెద్దపెట్టె పట్టేంత ఖాళీ లేక, చోన్ రెండు వరసల మధ్య దారిలో అడ్డంగా తవ్వాడు. చుట్టూ ఉన్న పసివాళ్ళ తల్లులే మట్టి పడకుండా తమ శిలువలకి చేతులు అడ్డం పెట్టారు. పసివాళ్ళని పూడ్చేటప్పుడు ఏడవకూడదు, కన్నీళ్ళకి రెక్కలు తడిసి ఎగరలేరని మా ఊళ్ళో అంటారు. ఆ రోజు హొవితని ఏడవవద్దని ఎవరూ అనలేదు. ఆమె ఏడవనూ లేదు.

మట్టి సర్దాక ఆమె అడిగింది: "చోన్, నా వంతు వచ్చినప్పుడు?"

అతను గునపానికి అంటిన మట్టి గీకాడు. "పెద్దవాళ్ళని ఇక్కడ వెయ్యనివ్వరు దోన్యా," అన్నాడు.

వానలు వచ్చి వెళ్ళాయి. పొలం ఊరి సంఘం కిందికి పోయింది. రొసెందో ఆమె తరఫున ఇంకో అర్జీ రాశాడు. రాజధాని నుంచి జవాబొచ్చింది, చనిపోయినవాడి భార్య సంతకం కావాలని.

నవంబరులో పోయినవాళ్ళు మమ్మల్ని చూడ్డానికి వస్తారని, సమాధుల దగ్గర వాళ్ళకి ఇష్టమైనవి పెడతాం; మొదటి తేదీ పోయిన పసివాళ్ళది, రెండో తేదీ పెద్దవాళ్ళది. దేవదూతల మూల గేటు మొదటి రోజే తెరుస్తారు. ఆ పొద్దున హొవిత బుట్ట సర్దుకుని వెళ్ళింది. తల్లులందరూ పాలగ్లాసులు, మిఠాయిలు, చెక్క గుర్రాలు అమర్చుకుంటున్నారు. ఆమె సమాధి దగ్గర కూర్చుని పచ్చి మిరప తమాలెలు, మెస్కాల్ సారా సీసా, సిగరెట్ పెట్టె తీసింది.

"నీ బిడ్డ అప్పుడే తాగుతున్నాడా హొవితా?" అంది పక్క సమాధి దగ్గరి ఆవిడ.

"ఏం చెయ్యనే. చెప్తే వింటేగా."

"పసివాళ్ళ మధ్య పొగ కూడానా?"

"ముట్టించనులే. చూసుకుంటాడు, అంతే."

ఆవిడ నవ్వి, తన పిల్లాడి కోసం తెచ్చిన కొవ్వొత్తుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. గాలి తగలకుండా హొవిత దాన్ని ఇటుకముక్క చాటున నిలబెట్టింది. ఎండెక్కాక చోన్ తాళంచెవులు పట్టుకుని వచ్చాడు. తల్లులు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. హొవితని చివరి దాకా కూర్చోనిచ్చాడు. అతను చేయగలిగింది అంతే.

మక్రీనా సోలిస్, డెబ్బై నాలుగేళ్ళు. మా ఆయన పోయినప్పటి నుంచి హువామిల్పాలో, చక్కెర మిల్లు వెనక వీధిలో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.