రాలని వాక్యం

పొద్దున ఎనిమిదింటికి అమ్మ చీపురు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి కూతురి బల్ల కింద చీలమండలు మునిగేంత వాక్యాలు పడి ఉన్నాయి.

"లేచి గంటన్నా కాలేదు, అప్పుడే ఇంత చెత్తా? కాళ్ళు పైకి పెట్టు."

కూతురు తెర మీద నుంచి చూపు తిప్పకుండా కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుంది. అమ్మ ఊడ్చింది. ఎండిన చీమల్లా తేలికైన అక్షరాలు, గాలికి లేచి మంచం కింద దూరాయి.

నిలబడని వాక్యం తెర మీద నుంచి రాలిపోతుంది. ఆ వీధిలో ఎవరింట్లోనైనా అంతే. కింది అంతస్తులో ప్రకటనలు రాసే ఆయన ఇంటి నుంచి రోజుకి రెండు బస్తాలు వెళ్ళేవి. చెత్త బండివాడు ఆయన్ని తిట్టుకునేవాడు కానీ ఎన్నడూ ఆశ్చర్యపోలేదు.

కూతుర్ని అందరూ కరపత్రం అని పిలిచేవారు. లాండ్రీ కార్మికుల సంఘానికి అర్జీలు, కరపత్రాలు రాసేది ఆమే. దొరికిన పుస్తకమల్లా చదివింది. టీ చల్లారిపోయినా వ్యవస్థనే తిట్టేది. ఆరు నెలలు కష్టపడి తన రాతకి ఒక పద్ధతి తయారుచేసుకుంది. రంగులూ బొమ్మలూ లేకుండా ఒట్టి అక్షరాలే కనిపించే ఎడిటరు. తేదీల పేర్లతో ఫోల్డర్లు. ప్రతి పనికీ మూడు ఫైళ్ళు: విన్నది, రాసింది, పంపింది. అన్నిటికంటే ఆమెకి గర్వం తన షార్ట్‌కట్ల మీద. రెండక్షరాలు కొడితే చాలు, "మా చెమటతో లేచిన గోడలే మాకు జైళ్ళయ్యాయి" అని మొత్తం నినాదం పడేది. అలాంటివి నూట నలభై. అన్నీ ఎక్కడో చదివి ఎత్తిపెట్టుకున్నవే. నాలుగు పేజీల అర్జీ పది నిమిషాల్లో తయారయ్యేది. పదకొండో నిమిషానికి బల్ల కింద ఉండేది.

'విన్నది' ఫైలు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. ఎవరి కష్టం ఏమిటో ఆమెకి ముందే తెలుసు. ఇంక అడగడం దేనికి?

ఆ వారం రాయాల్సింది ఇస్త్రీ అక్క వాంగ్మూలం. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో, వేడి రోలర్ల దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి. పోయిన నెల కుడిచేతి రెండు వేళ్ళు రోలర్ల మధ్య నలిగిపోయాయి. చేతులు లోపలికి పోకుండా యంత్రానికి ఇనప అడ్డుపలక ఉంటుంది. దాన్ని ఆమె సొంత తెలివితో ఊడదీసిందనీ, తప్పు ఆమెదేననీ కంపెనీ పనిలోంచి తీసేసింది. రోలర్లకి నూనె వేసే తేదీ గోడ మీద రాసి పెట్టుకునే ఆ పెద్దమనుషులకి, మనిషికి ఎన్ని వేళ్ళుంటాయో గుర్తుండదు. శుక్రవారం పదకొండింటికి కార్మిక శాఖ ఆఫీసులో విచారణ. అక్కడ ఓడితే ఆమె బతుకు వీధిన పడ్డట్టే. ఆ చెయ్యి చూసి ఇంకే లాండ్రీ వాళ్ళూ పని ఇవ్వరు.

బుధవారం మధ్యాహ్నం అక్క వచ్చింది, చేతికి కట్టుతో.

"అయిందా పిల్లా?"

"నాలుగు పేజీలు రాశానక్కా."

"ఎక్కడ?"

కరపత్రం కిందికి చూసింది. తెర మీద 'గౌరవనీయులైన అధికారి గారికి' అని రాసిన చోట 'అధికారి గారికి' మాత్రం మిగిలింది.

అమ్మ వంటగదిలోంచి అరిచింది. "ఆమె ఎదురుగానే కూర్చుంది కదే, ఆమెనే అడగరాదూ?"

కరపత్రం మొహం మాడిపోయింది. అయినా ఫోన్లో రికార్డరు నొక్కి బల్ల మీద పెట్టింది. అక్క చెప్తూంటే ఉన్నదున్నట్టు 'విన్నది' ఫైల్లో కొట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం షిఫ్టు. ఒంటిగంటకి ఎక్కాను. తడి దుప్పటి అంచు మడత పడింది. సర్దబోయాను. ఒక్కటీ రాలలేదు.

"అడ్డుపలక నేను తీయలేదు" అంది అక్క.

ఆ వాక్యం కొట్టగానే తెర మీద నుంచి జారి, బల్ల అంచున ఒక్క క్షణం ఆగి, అక్క ఒళ్ళో పడింది.

వంటగది గుమ్మంలోకి వచ్చిన అమ్మతో సహా ముగ్గురూ చూశారు. అమ్మ వచ్చి దాన్ని రెండు వేళ్ళతో ఏరి కిటికీలో పెట్టింది.

"అబద్ధం చెప్పావా అక్కా?" కరపత్రం కుర్చీలోంచి లేచింది. "నీకోసం మేమంతా కొట్లాడుతుంటే..."

"నువ్వు నాలుగు పేజీలు చెప్పావుగా తల్లీ. నేను ఒక్కటే చెప్పాను."

కరపత్రం వేళ్ళు అలవాటుగా షార్ట్‌కట్ల మీదికి పోయాయి. వెనక్కి తీసుకుంది.

"ఎందుకు తీశావు?"

ఆ మాట ఆమెని అంతవరకూ ఎవరూ అడగలేదు. కంపెనీ అడగలేదు, సంఘమూ అడగలేదు.

"పలక ఉంటే గంటకి అరవై దుప్పట్లే అవుతాయి. వాళ్ళు పెట్టింది తొంభై. తగ్గితే పూట కూలి కోత. పద్నాలుగు మందిమీ తీస్తాం. తీసినవి కింద పడేస్తే కాళ్ళకి తగులుతున్నాయని సూపర్‌వైజరే వెనక గోడకి మేకులు కొట్టించాడు, తగిలించుకోమని."

కరపత్రం అంతా కొట్టింది. లాప్‌టాప్ ఎత్తి, బోర్లించి, దుమ్ము దులిపినట్టు దులిపింది.

"పాడవుతుందే!" అంది అమ్మ.

ఒక్క అక్షరం రాలలేదు.

"ఇది పంపితే నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టు" అంది అక్క. "తీశానని నా నోటితోనే చెప్తున్నాను."

"అబద్ధం పంపితే అక్కడా రాలుతుందక్కా. అధికారి బల్ల మీద, వాళ్ళ వకీలు ఎదురుగా."

అక్క కట్టు అంచు లాగి బిగించుకుంది.

"అయితే మిగతా పదమూడు మంది సంగతి కూడా ఉంచు. ఒక్కదాన్నే ఎందుకు మునగాలి?"

గురువారం పొద్దున కరపత్రం తన పద్ధతి మార్చుకుంది. షార్ట్‌కట్లు ఒక్కొక్కటే చెరిపేసింది. నూట నలభైకి గంటన్నర పట్టింది, రెండు మూడు దగ్గర కళ్ళు తడి కూడా అయ్యాయి. ఇకమీద ముందు వినడం, తర్వాత రాయడం, తర్వాత బోర్లించి దులపడం. పదకొండు వాక్యాలు మిగిలాయి. అక్కకి చదివి వినిపించి పంపింది.

శుక్రవారం విచారణాధికారి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకునే పెద్దావిడ, కంప్యూటర్ తెర మీద ఆ పదకొండూ చదివింది. కంపెనీ వకీలు తన జవాబు ముప్పై పేజీలు అచ్చు వేయించి తెచ్చాడు. కాగితం మీద నుంచి ఏదీ రాలదని ఆయనకి తెలుసు. ఆవిడకీ తెలుసు.

"పలక మీరే తీశారా?"

"నేనే తీశానండీ."

వకీలు నవ్వుతూ ఫైలు మూసెయ్యబోయాడు. ఆవిడ మాత్రం తెరని వేలితో తట్టి చూసింది. ఒక్క వాక్యమూ కదల్లేదు.

"సరే, పదండి. ఆ గోడ చూద్దాం."

లాండ్రీలో పద్నాలుగు యంత్రాలకీ పలకలు బిగించి ఉన్నాయి, మరలు ఇంకా మెరుస్తూ. వెనక గోడ మీద ఒకే వరసలో పద్నాలుగు మేకులు.

"ఇవెందుకు?"

"క్యాలెండర్లకండీ" అన్నాడు సూపర్‌వైజరు.

"పద్నాలుగు క్యాలెండర్లా?"

రోలర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిరికి గోడంతా పసుపెక్కింది, ఒక్కో మేకు కింద మాత్రం పలక ఆకారంలో తెల్లగా ఉంది. ఆవిడ ఫోన్‌తో ఫొటో తీసి, అక్కడే నిలబడి ఏదో రాసుకుంది.

పదిరోజులకి ఉత్తర్వు వచ్చింది. రోలర్ల మీద గంటకి అరవై దాటించకూడదు. అక్కని పనిలోకి తీసుకోవాలి, మడత బల్ల దగ్గర.

సోమవారం అక్క మడత బల్ల ముందు నిలబడింది. ఎనిమిది వేళ్ళతో మొదటి గంట నలభై దుప్పట్లు మడిచింది. సూపర్‌వైజరు వచ్చి లెక్కపెట్టాడు, ఆమె చేతి వైపు చూశాడు, నలభై అని రాసుకుని, కోత మాట ఎత్తకుండా పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.