వేడినీళ్ళు వద్దు

"ఆ బిందె దించు మునిరాజన్నా! ఒక్క చుక్క బ్యాటరీ మీద పడిందంటే ఊరుకోను!"

త్రివేణి కారు బానెట్‌కు అడ్డంగా నిలబడింది. ఎదురుగా పొగలు కక్కే బిందెతో మునిరాజ్. పక్క వీధిలో అతనికీ మెకానిక్ షెడ్ ఉంది. త్రివేణి షెడ్ ఖాళీ అయితే తాను దిగాలని ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ఇద్దరి మధ్య శేషప్ప డీజిల్ కారు, మత్తిగిరి ఊరి తెల్లవారుజాము మంచులో తడిసి, అదిలించినా లేవని ఎద్దులా ఉంది.

శేషప్ప చెయ్యి చాచాడు. షెడ్ ఉన్న జాగా ఆయనదే.

"షెడ్ తాళంచెవి ఇయ్యమ్మా. పోచంపల్లి సంతకు లేటయిపోయింది. నా జాగాలో షెడ్ పెట్టుకోని నా బండినే చంపినావు."

వీధంతా గేట్ల దగ్గరికి వచ్చేసింది. దీపావళి తర్వాత త్రివేణి ఆ కారుకు కొత్త స్టార్టర్ వేసింది. వెనకే చలి దిగింది. అప్పటినుంచి తెల్లారితే కారు మొరాయింపు, ఎండెక్కితే ఏమీ ఎరగనట్టు బయల్దేరడం. శేషప్ప కొత్త బ్యాటరీ కూడా కొన్నాడు. అయినా అదే వరస. ఇక తప్పు త్రివేణి చేతిలోనే ఉందని తేల్చి, వీధివీధికీ చెప్పాడు.

"వేన్నీళ్ళు పోస్తే స్టార్టయితాది గదమ్మా, నీకేంది నొప్పి?" అన్నాడు మునిరాజ్.

"స్టార్టయితే దొంగ దాక్కుంటాడు. రేపు మళ్ళా వస్తాడు. చలిలోనే పట్టుకోవల్ల."

"దొంగ యాడికీ పోలేదు. స్పానర్ పట్టుకోని ఈడే నిలబడుండాది!"

గేట్ల దగ్గర నవ్వులు లేచాయి. త్రివేణి నవ్వలేదు, తల దించలేదు.

"తాళంచెవి నా నడుముకే ఉండాది శేషప్పన్నా. తప్పు నాదైతే నేనే తీసి మీ చేతిలో పెట్టి పోతాను. అంతదాకా ఎవురూ బండి ముట్టద్దండి. ఆదిలక్ష్మమ్మక్కా, నువ్వు సీట్లో కూర్చో. నేను చెప్పినప్పుడు కీ తిప్పు."

శేషప్ప భార్య ఆదిలక్ష్మమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన మూతి తిప్పుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది.

త్రివేణి మీటర్ తీసింది. బ్యాటరీ గట్టిగానే ఉంది. స్టార్టర్‌కు కరెంటు నిండుగానే అందుతోంది.

"పోయేది పోతానే ఉంది. తిరిగొచ్చే దావ చూడల్ల," అంటూ మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కూ, రెండోది ఇంజిన్ ఇనుముకూ ఆనించింది. "తిప్పక్కా!"

కటకటమని చప్పుడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఒక్కసారిగా ఎగిరింది. నాలుగు వోల్టులు దారిలోనే మాయం!

ఆమె లావుపాటి వైరొకటి తెచ్చి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్‌కు కలిపింది.

"ఇప్పుడు తిప్పక్కా!"

ఇంజిన్ ఒక్క ఊపున లేచి గర్జించింది. మునిరాజ్ బిందెలో ఆవిరి తగ్గిపోయింది.

"స్టార్టర్ మంచిదే. బ్యాటరీ మంచిదే. కరెంటు తిరిగొచ్చే ఎర్త్ వైరు సరిగ్గా పట్టలేదు. చలికి ఆయిల్ గట్టిపడితే ఇంజిన్ తిప్పేదానికి కరెంటు ఎక్కువ కావల్ల. అంత కరెంటు ఆ దావలో పోలేదు. ఎండెక్కితే తక్కువతోనే లేస్తాది. అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు."

ఇంజిన్ ఆపించి, తడి నేల మీద గోనెసంచి పరిచి కారు కిందికి దూరింది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట బోల్టు విప్పింది. వైరు కొనకూ ఇనుముకూ మధ్య, నిగనిగలాడుతూ మందంగా నల్ల పెయింటు.

బయటికొచ్చి, గోటికంటిన నల్లటి పెచ్చు చూపించింది.

"ఎర్త్ విప్పి, ఇనుముకు పెయింటు కొట్టి, దాని మీదనే బిగించినారు. ఎవురు చేసింది ఇది?"

"అది ఆయుధపూజ పెయింటు గదా!" శేషప్ప రొమ్ము విరిచాడు. "ఆ పొద్దు నా బండి మీద ఇంకొకడి చెయ్యి పడనిస్తానా? అంతా విప్పి, తుడిచి, నా చేత్తోనే..."

మాట మధ్యలో ఆగిపోయింది. మునిరాజ్ బిందెలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆదిలక్ష్మమ్మ గబగబా దిగి త్రివేణి మోచెయ్యి పట్టింది. "ఎలుక కొరికిందని చెప్పమ్మా. షెడ్ నీకే ఉంటాది. ఇంతమంది ముందర ఆయప్ప మర్యాద తియ్యద్దు తల్లీ."

"ఎలుకే అయ్యుంటాది," శేషప్ప గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది. "పక్కనే పశువుల ఫారం గదా, ఆడి ఎలుకలు మామూలువా? పందికొక్కులు!"

ఎలుక ఎదురు చెప్పదు. షెడ్ నిలుస్తుంది. కానీ అది శేషప్ప దయ మీద నిలిచిన షెడ్ అవుతుంది. ఆయన ఊరంతా చాటిన మాట మాత్రం అట్లాగే ఉంటుంది, త్రివేణి చెయ్యి మంచిది కాదని.

ఆమె నడుము దగ్గరి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టింది.

"కావల్లంటే తీసుకోండి. షెడ్ పోతే రోడ్డు పక్కన కూర్చోని చేస్తాను. నా పేరు వీధంతా వినేట్టు అరిచినారు గదా, ఇది గూడా విననీ." గొంతు పెంచింది. "ఎలుకకు బ్రష్ పట్టేది రాదు. ఈ బండిని చెడగొట్టింది నా చెయ్యి కాదు. ఎర్త్ మీద పెయింటు పూసింది మీరే, శేషప్పన్నా!"