మంగళవారం సాయంత్రం

సాక్షిని పిలిచేదాకా లోపల ఎవరేం చెబుతున్నారో ఆమె చెవిన పడకూడదు. అందుకే కోర్టు హాలు తలుపు మూసి, అక్కను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

తమ్ముడిది తాళాలు బాగుచేసే పని. నగల కొట్టు యజమానిని చంపాడని కేసు. హత్య జరిగింది మంగళవారం సాయంత్రం ఏడింటికి. ఆ సమయానికి వాడు అక్కింట్లో స్నానాలగది గడియ బిగిస్తున్నాడని ఆమె చెప్పాలి. వాడికున్న ఆధారం అదొక్కటే. లేకపోతే జీవితాంతం జైలే.

ఆమెకు అనుమానం లేదు. ఆరోజు కుళాయి వచ్చింది. "గడియ తర్వాత, ముందు ఈ బకెట్ అందుకోరా" అని కసిరింది.

"బావ ఊళ్లో లేనప్పుడే నీకు నేను గుర్తొస్తాను" అని వాడు నవ్వాడు.

పదకొండున్నరకు తమ్ముడి వకీలు గుమాస్తా బీడీ కోసం బయటికి వచ్చాడు.

"ఏమైందన్నా?"

"నీతో మాట్లాడకూడదమ్మా." రెండడుగులు వేసి ఆగాడు. కడుపులో మాట దాగని మనిషి. "వేలిముద్రల నిపుణుడు చెప్పేశాడు. నగల కొట్టు బీరువా లోపల ఉన్నది మీవాడి బొటనవేలి ముద్రేనట. పన్నెండు చోట్ల కలిసిందట. ఇద్దరు నిపుణులు చూసి సంతకాలు పెట్టారు. మన వకీలుగారి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు."

"ఇద్దరూనా?"

"ఇద్దరూనమ్మా."

అతను మెట్లు దిగిపోయాడు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. కుళాయి మంగళవారం వస్తుంది. శుక్రవారమూ వస్తుంది. చదువుకున్నవాళ్లు ఇద్దరు భూతద్దం పెట్టి చూశారు. తను చూసింది ఒక బకెట్‌ని.

పన్నెండింటికి పిలుపొచ్చింది. బోనులోంచి తమ్ముడు ఆమెను చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఆ గడియ బిగించింది ఏ రోజమ్మా?" వకీలు గొంతులో హుషారు. పాపం, నటిస్తున్నాడనుకుంది.

"మంగళవారం... శుక్రవారమేమో. సరిగ్గా గుర్తులేదు బాబూ."

వకీలు అదే ప్రశ్న మూడు రకాలుగా తిప్పి అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు.

"అక్కా!" అన్నాడు తమ్ముడు. పోలీసు వాడి భుజం నొక్కాడు.

వరండాలోకి రాగానే వకీలు మండిపడ్డాడు.

"కొంప ముంచారమ్మా! ఆ నిపుణుణ్ణి అరగంట నిలదీశాను. రెండోవాడు ఆ ముద్రను విడిగా చూడనేలేదట. మొదటివాడు ఎర్ర గుర్తులు పెట్టిన ఫోటో చూసి సంతకం గీకాడట. వాళ్ల ఆఫీసులో ఎప్పుడూ అంతేనట! జడ్జిగారు దాన్ని రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. మీరు ఒక్క మాట గట్టిగా అనుంటే సరిపోయేది."

గుమాస్తా గోడవైపు తిరిగాడు. ఆ నిలదీత అతను బయట బీడీ కాల్చుకుంటున్నప్పుడు జరిగింది.

"మంగళవారమే బాబూ. మళ్లీ వెళ్లి చెప్పనా?"

"సర్కారు వకీలు ఒకటే అడుగుతాడు. ఇందాక గుర్తులేనిది ఇంతలో ఎలా గుర్తొచ్చిందని. నిజం చెప్పండి, మంగళవారమేనా?"

ఆమె కళ్లు మూసుకుంది. బకెట్ కనిపించింది, గడియ కనిపించింది. అది ఏ వారమో మాత్రం కళ్లు తెరిచి వకీలు మొహంలో వెతుక్కోవాల్సి వచ్చింది.