బాల్వాడిలో ధర్నా

మా మనవరాలు తేజస్విని ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూయదు. గడప దాటితే తెరవదు. ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని ఎవరినైనా అంటుంటే నేను నవ్వేదాన్ని. మా ఇంట్లోనే ఒకటి పుట్టాక ఆ నవ్వు పోయింది. పిల్లి మ్యావ్ అనైనా అంటుంది, మా పిల్ల అదీ అనదు.

అప్పటికి దానికి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో అయితే టీవీలో వార్తలు చదివే అమ్మాయికి ఎదురు జవాబులు చెబుతుంది. పప్పులో ఉప్పు తగ్గిందని నాకే వంక పెడుతుంది. అదే బండి మీద జామకాయలమ్మే మనిషి “పేరేంది బిడ్డా?” అన్నాడా, వెళ్లి మా ఆయన కాళ్ల వెనక దాక్కుంటుంది. ఏదైనా కావాలంటే ఆయన చొక్కా పట్టుకుని లాగుతుంది. ఆయన వంగుతారు. చెవిలో గుసగుసగా చెబుతుంది. ఆయన లేచి నిలబడి, “మా తేజుకి దోరకాయ కావాలట” అని ప్రకటిస్తారు. బీమా ఆఫీసులో రిటైరయ్యాక మా ఆయన రామారావు గారికి దొరికిన ఉద్యోగం అది. పైగా అదంటే ఆయనకు మహా ఇష్టం.

ఆ ఏడు వేసవిలో దిల్‌సుఖ్‌నగర్‌లో పేరున్న స్కూళ్ల మెట్లన్నీ ఎక్కి దిగాం. ఒకచోట మేడమ్ పిల్లను దగ్గరికి పిలిచి ముద్దుగా పేరడిగింది. తేజు ఆవిడ గాజుల వంక చూస్తూ కూర్చుంది. “తేజస్విని అండీ” అన్నారు మా ఆయన. ఏ రంగంటే ఇష్టం అని అడిగింది. “పసుపు అండీ” అన్నారు. ఏనుగు ఎలా అరుస్తుందమ్మా అంది. మా ఆయన గొంతు సవరించుకుంటుంటే నేను మోచేత్తో ఒక్క పోటు పొడిచాను.

“సీటు మీకైతే ఇప్పుడే ఇచ్చేస్తాను సార్” అంది ఆవిడ నవ్వుతూ. పిల్లకి మాత్రం ఇవ్వలేదు.

మిగతా చోట్లా అదే వరస. డాక్టరేమో చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, నలుగురు పిల్లల్లో తిరగనివ్వండి అన్నాడు. తిరగనిద్దామంటే చేర్చుకునేవాళ్లేరి? మా అబ్బాయి ప్రసన్నకుమార్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. కోడలు విజయదుర్గకు ఎల్బీనగర్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. ఉద్యోగం మానేసి పిల్లను చూసుకుంటానని అది కళ్లనీళ్లు పెట్టుకుంటే, నువ్వు మానేస్తే దీనికి మాటొస్తుందా అని కసిరాను. కసిరాను గానీ నాకూ లోపల భయంగానే ఉండేది. రేపెవరైనా కొడితే, కడుపులో నొస్తే, ఈ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? వంగి వినడానికి ఎల్లకాలం తాతయ్య పక్కన ఉంటాడా?

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. స్కూళ్లు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. మా ఎదురింటి అంతయ్య ఆర్టీసీ డ్రైవరు, నల్లగొండ వైపు మనిషి. పగలంతా ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చుని, సాయంత్రం మా గోడ దగ్గరకొచ్చి మా ఆయనతో వాదన పెట్టుకునేవాడు. రాష్ట్రం రావాలని అతను, విడిపోకూడదని ఈయన. ఇద్దరి గొంతులూ వీధి చివరి దాకా వినిపించేవి. అంతా అయ్యాక ఈయన ఆ రోజు పేపరు అతనికిచ్చేవారు, అతను వాళ్లింట్లో కాసిన బీరకాయలు నా చేతిలో పెట్టి వెళ్లేవాడు.

ఒకరోజు వాదన మధ్యలో అంతయ్యే అన్నాడు. “మా సాయిగాడు పోయే బాల్వాడికి తోలుండ్రి సార్ పాపను. చంపాపేట రోడ్డుల కమ్యూనిటీ హాల్ల నడుస్తది. కాలనీ ఆడోళ్లే పెట్టిన్రు. సౌజన్య అని, బీఎడ్ చదివిన పిల్ల చూసుకుంటది.”

“సమ్మె అని ఊరంతా బంద్ చేయించారుగా, అదొక్కటీ ఎలా నడుస్తోందయ్యా?” అన్నారు మా ఆయన, దొరికాడు కదా అని.

“గది బడి గాదు సార్, పోరగాండ్లు ఆడుకునే జాగ. దాన్ని బంద్ వెడితే ఇండ్లల్ల ఆడోళ్లు మాకు బువ్వ బంద్ వెడ్తరు.”

మర్నాడే ముగ్గురం వెళ్లాం. హాలు పెద్దదే, గోడలకు రంగు కాగితాలు అతికించారు, మూల వంటగది. సౌజన్యకు గట్టిగా పాతికేళ్లుంటాయో లేదో. టీచరు పోస్టులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూస్తూ ఈ పిల్లల్ని సంబాళిస్తోంది. తేజు ముందు నేలమీద కూర్చుని, “నీ పేరేంది బంగారం?” అని అడిగింది. మా ఆయన నోరు తెరిచారు.

“మీరు జర ఆగుండ్రి సార్. నేను బిడ్డను అడిగిన” అంది.

అంత మర్యాదగా మా ఆయన నోరు మూయించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆ పిల్ల నాకు అక్కడికక్కడే నచ్చేసింది.

తేజు ఎలాగూ చెప్పలేదు. సౌజన్య తొందరపెట్టలేదు. “దసరా దాంక రోజూ పంపుండ్రి అమ్మా, వచ్చి కూసుంటది. గప్పటికి నాతోని ఒక్క మాటన్నా మాట్లాడితే చేర్చుకుంట. లేకుంటే నాతోని గాదు. ఇంతమంది పిల్లలున్నరు, కడుపు నొస్తుందనో, ఎవడో కొట్టిండనో నోరు తెరిచి చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది?” అంది.

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. నా భయం కూడా సరిగ్గా అదే కదా.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పిల్లను తీసుకురావడానికి నేను వెళ్లేదాన్ని. వెళ్లగానే సౌజన్య ముఖం చూసేదాన్ని. ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. ఆడుతుందట, బొమ్మలు సర్దుతుందట, పక్క పిల్ల ముక్కు కూడా తుడుస్తుందట. మాట మాత్రం లేదు. మూగనోము పట్టినా ఒకరోజుకి వదులుతుంది. ఇదేం నోమో, ఉద్యాపన కనిపించలేదు. దసరా దగ్గరపడుతున్న కొద్దీ విజయదుర్గ నన్ను అడగడం కూడా మానేసింది.

ఇక ఆ బాల్వాడిలో జరిగే ధర్నా సంగతి చెప్పాలి. పొద్దున పదకొండింటికి పిల్లలకు తినడానికేదో పెడతారు. వండేది పెంటమ్మ. ఆవిడకు వచ్చింది ఉప్మా ఒకటే అనుకున్నారో ఏమో, పిల్లలు తిరగబడ్డారు. ఊళ్లో ఏ చౌరస్తాలో చూసినా టెంట్లే, నినాదాలే. కళ్లు తెరిస్తే అవే చూస్తున్న పిల్లలు మరేం చేస్తారు? వంటగది గుమ్మం ముందు బైఠాయించారు. ఒకళ్లు లీడరై స్టూలెక్కి “ఉప్మా!” అని అరిస్తే, కింద కూర్చున్నవాళ్లు పిడికిళ్లు లేపి “వద్దు! వద్దు!” అంటారు. “అటుకులు!” అంటే “కావాలె! కావాలె!” ఆఖర్న “జై తెలంగాణ!” అని లీడరంటే, “జై జై తెలంగాణ!” అని అందరూ అని లేస్తారు. సౌజన్య లీడరును చర్చలకు పిలిచి, శుక్రవారం అటుకులు పెట్టిస్తానని ఒప్పుకుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సంగతి పిల్లలు అంత చిన్నప్పుడే పట్టేశారు. ఆ గెలుపు తర్వాత ధర్నా రోజువారీ ఆటైపోయింది. లీడరు రోజుకొకరు, వంతులవారీగా.

“తేజు కూడ అందరితోని కూసుంటదమ్మా. పిడికిలి లేపుతది. నోరే తెరవదు” అని చెప్పింది సౌజన్య.

ఈ ముచ్చట నేను మా ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా తేజూయే చెప్పేసింది. గురువారం సాయంత్రం తన బొమ్మలన్నిటినీ తెచ్చి ఫ్రిజ్ ముందు వరసగా కూర్చోబెట్టింది. తను పీటెక్కింది. “ఐస్‌క్రీమ్!” అంది, తనే “కావాలె! కావాలె!” అంది. విజయదుర్గ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత గోడలు అదిరేలా “జై తెలంగాణ! జై జై తెలంగాణ!” అంది.

మా ఆయన చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న అంతయ్య వినేశాడు.

“సార్! మీ ఇంట్లకెల్లి ఒక మనిషి మా దిక్కు వచ్చేసింది!” అని కేకేశాడు.

ఇంకేముంది, మా ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. “రేపే మాన్పించేస్తున్నాను. మాటలు నేర్పమని పంపితే నినాదాలు నేర్పుతారా? పోనీ అక్కడేమన్నా నోరు తెరిచిందా అంటే అదీ లేదు. ఇంట్లో నా పరువు తీయడానికి మాత్రం తెరుస్తుంది.”

“దసరా దాకా చూద్దామనుకున్నాం కదండీ. నలుగురితో కూర్చుంటోంది, పిడికిలి లేపుతోంది, ఆ మాత్రమైనా ఎప్పుడు చేసింది?” అన్నాను.

“నువ్వూరుకో” అన్నారు.

ఆయన ఊరుకోమన్నప్పుడల్లా ఊరుకుని ఉంటే ఈ సంసారం ఏనాడో మునిగిపోయేది. అందుకని మర్నాడు నేనూ చెప్పులేసుకుని ఆయన వెంట బయలుదేరాను. పిల్లను పొద్దున్నే విజయదుర్గ దింపి వెళ్లింది. బస్సుల్లేని రోడ్డు మీద ఆటోలు నిండుగా పోతున్నాయి. మేం నడిచే వెళ్లాం. దారి పొడుగునా ఆయన తన ఉపన్యాసం సాధన చేసుకుంటూనే ఉన్నారు. “చూడమ్మా, రాజకీయాలు వేరు, పసిపిల్లలు వేరు” అని మొదలుపెట్టి, నచ్చక, “నేను ఎవరికీ వ్యతిరేకిని కాను” అని ఇంకోలా ఎత్తుకున్నారు. దసరా ఇంకెంతో దూరం లేదు, ఈ ఉన్న కాస్త ఆశ కూడా ఈయనే తుంచేస్తున్నారని నాకు ఒళ్లు మండుతోంది.

మేం వెళ్లేసరికి గేటు దగ్గర అంతయ్య ఉన్నాడు. కొడుకు మరిచిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి వచ్చాడట. లోపల ధర్నా అప్పుడే మొదలవుతోంది. స్టూలు మీద ఎవరున్నారా అని చూసి నేను ఆగిపోయాను. తేజు.

ఆ రోజు దాని వంతు. మాట్లాడదని దాని వంతు దాటేయలేదు సౌజన్య. కింద పిల్లలు “అను! అను!” అంటున్నారు. తేజు నిలబడి ఉంది, రెండు చేతులతో గౌను అంచు నలుపుతోంది. మా ఆయన తిన్నగా లోపలికి అడుగేశారు, దాని పక్కన వంగడానికే. సౌజన్య లోపలి నుంచే చూసి, వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆయన ఆగిపోయారు.

తేజు పిడికిలి లేపింది. “జై తెలంగాణ” అంది.

అంది! గడప దాటాక దాని నోట నేను విన్న మొదటి మాట. చీమ చిటుక్కుమన్నంత గొంతు, అయినా నేను విన్నాను. పిల్లలు వినలేదు. ఖర్మకొద్దీ అది శుక్రవారం. సరిగ్గా అప్పుడే పెంటమ్మ తాలింపు వేసిన అటుకుల గిన్నె బయటికి తెచ్చింది. ధర్నా చేసేవాళ్లందరూ ఒక్కసారిగా లేచి గిన్నె చుట్టూ మూగారు. తోపులాట ఆపడానికి సౌజన్య అటు పరుగెత్తింది.

తేజు చెయ్యి దించలేదు. మళ్లీ “జై తెలంగాణ” అంది, ఇంకాస్త గట్టిగా. ఎవరూ పలకలేదు. అందరి వీపులూ దానివైపే ఉన్నాయి. కింది పెదవి వణకడం గేటు దాకా కనిపించింది. అయిపోయింది, ఇక ఈ పిల్ల బయట నోరు తెరవదు అనుకున్నాను.

“జై జై తెలంగాణ!”

కేక నా పక్కనుంచే వచ్చింది. తిరిగి చూస్తే మా ఆయన. పిడికిలి కూడా లేపారు. ఆఫీసు యూనియన్ రోజుల్లో ఉండేది ఆ గొంతు, మళ్లీ ఇన్నాళ్లకు విన్నాను. పెంటమ్మ గరిటె ఆగింది. పిల్లలందరూ ప్లేట్లు పట్టుకుని వెనక్కి తిరిగారు.

తేజు గేటు వైపు చూసింది. స్టూలు దిగి పరుగెత్తుకు రాలేదు. ఊపిరి గట్టిగా పీల్చుకుని, ఇంట్లో ఫ్రిజ్ ముందు అరిచినంత గట్టిగా “జై తెలంగాణ!” అని అరిచింది. “జై జై తెలంగాణ!” అన్నారు మా ఆయన. ఈసారి ప్లేట్లు పైకెత్తి పిల్లలు కూడా అన్నారు.

సౌజన్య మెల్లిగా దగ్గరికి వెళ్లి, “తేజూ, అటుకులు తిందువు రా” అంది.

“ఆగు టీచర్, ధర్నా ఇంక అయిపోలే” అంది తేజు.

సౌజన్య నా వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. “చేర్చుకున్న అమ్మా!” అని నవ్వేసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అంతయ్య మాత్రం మా ఆయన్నే చూస్తున్నాడు. నీళ్ల సీసా చేతిలోనే ఉంది. “ఏంది సార్ గిది? నిజంగ మీరేనా? రాండ్రి మా టెంట్లకు, మీకు దండేస్త...”

“నోర్మూసుకోవయ్యా అంతయ్యా” అన్నారు మా ఆయన, స్టూలు మీద నుంచి చూపు తిప్పకుండా. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. “పిల్ల మాట్లాడుతోంది.”