నలభై మూడో పేజీ అంచు

రాధమ్మగారి వరండాలో చాప మీద నాలుగు పుస్తకాలున్నాయి. పేరు కనబడకుండా అన్నిటికీ న్యూస్‌పేపరు అట్టలే. చివరి పుస్తకం అంచున కాఫీ మరకను అనూహ్య గుర్తుపట్టింది. అది తన దిండు కింద ఉండాల్సిన పుస్తకం.

"నీ తరఫున నేనే తెచ్చానులే," అంది అత్తగారు కామేశ్వరి. "దిండు కింద పెట్టుకుని మరీ చదువుతున్నావంటే బాగుండే ఉంటుంది."

అనూహ్యకు పెళ్ళయి మూడు నెలలు. బహదూర్‌పల్లి కాలనీలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. గదుల మధ్య తలుపు లేదు, పూల తెర ఒక్కటే. గుసగుసలాడినా అవతలికి వినబడుతుంది. అందుకని ఆమే, భర్త ఫణిభూషణూ ఒక పాత నవల అంచుల్లో పెన్సిల్‌తో మాట్లాడుకునేవారు. పగలు ఆమె ఒక మాట రాస్తే, ఆఫీసు నుంచి వచ్చాక అతను దాని కింద జవాబు రాసేవాడు. చొక్కాకి గుండీ తనే కుట్టానని ఆమె రాస్తే, అందుకే ఇవాళ ఆఫీసంతా ఛాతీ విరుచుకుని తిరిగానని అతను. అది చదువుకుని ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది కూడా.

నలభై మూడో పేజీలో మాత్రం ఇలా ఉంది: 'ఆదివారం పంటి డాక్టరని అమ్మకి చెప్పి శామీర్‌పేట చెరువుకి పోదామా?' దాని కింద ఆమె: 'సరే. ఏ పన్ను?'

పోయిన ఆదివారం వెళ్ళొచ్చారు. పన్ను నొప్పి పాపమని కామేశ్వరి రెండు పూటలా పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. అనూహ్య తలొంచుకుని తినేసింది.

రాధమ్మ, కామేశ్వరి, అనూహ్య, పక్కింటి ధరణి, ఈ నలుగురూ నెలకో పుస్తకం చదువుతారు. తర్వాతిది ఎంచుకోవడానికి వాళ్ళకో పద్ధతుంది. ఒకరు పేజీ నంబరు చెబితే ఇంకొకరు తెరిచి ఆ పేజీ పైకి చదవాలి. ఎవరి పుస్తకం వాళ్ళు చదవకూడదు. ఓట్లలో గెలిచిన పుస్తకం ఆ సాయంత్రమే, ఒకప్పటి టీచరు, అందరిలోకి పెద్దదైన కామేశ్వరి చేతికి వెళుతుంది.

మూడు పుస్తకాలయ్యాయి. నాలుగోది రాధమ్మ చేతికొచ్చింది. కాలనీ ప్లాట్లన్నీ ఒకప్పుడు ఆమె జొన్నచేలే.

"నలభై మూడు," అంది ధరణి, టీ ఊదుకుంటూ.

"నలభై మూడు వద్దు," అనేసింది అనూహ్య.

"ఎందుకూ?"

రాధమ్మ అప్పటికే పేజీ తెరిచింది. అక్షరాల కింద వేలు పెట్టి చదవడం ఆమెకు అలవాటు. ఆ వేలు అంచు దగ్గర ఆగిపోయింది. పైన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ విమానం రొద చేస్తూ పోయింది. రాధమ్మ కళ్ళెత్తి అనూహ్యను ఒకసారి చూసింది.

"ఏమైందండీ?" అంది కామేశ్వరి.

"ఏం లేదు టీచరమ్మా. అచ్చు జర మసక మసకుంది."

అచ్చులో ఉన్నది మాత్రమే చదివింది. ఒకే లాంతరున్న ఇంట్లో తల్లీకొడుకూ చెరో గదిలో చదువుకోవాలని లాంతరును గడప మీద పెట్టుకునే ఘట్టం. రాధమ్మ నెమ్మదిగా చదువుతుంటే ధరణి టీ తాగడం మరిచిపోయింది.

ఓట్లకు చింతగింజలు. మూడు ఆ పుస్తకం మీదే పడ్డాయి. అనూహ్య గింజ ఒక్కటే ధరణి పుస్తకం మీద పడింది.

"ఈపారి ముంగట నేను తీస్కపోత టీచరమ్మా," అంది రాధమ్మ. "మస్తు మంచిగుంది."

"రూలు పెట్టింది మీరే కదండీ," నవ్వుతూ చెయ్యి చాచింది కామేశ్వరి.

రాధమ్మ చేయగలిగింది అంతే. అది లైబ్రరీ పుస్తకం, ఇవాళే ఇచ్చేయాలి అని అనూహ్య అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పోయిన వారం పెరుగన్నం కలిపింది ఆ చాచిన చెయ్యే.

"అత్తయ్యగారూ, ఆదివారం మేం డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. శామీర్‌పేట వెళ్ళాం. ఆ పేజీలో అదే రాసుంది. పుస్తకం నిండా మా రాతలే."

ధరణి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"అయితే పన్ను బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"రెండు పూటలు పిసికి పెట్టాను."

"తిన్నాను."

"అడిగితే వద్దనేదాన్నా?"

"అనరు. మీరూ వస్తారేమోనని..."

మాట జారిపోయింది. రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

కామేశ్వరి పుస్తకం అందుకుని, ఒక్క పేజీ తిప్పకుండా అనూహ్య ఒళ్ళో పెట్టింది. "చదవాల్సిన పుస్తకమే. మేడ్చల్‌లో ఇంకో కాపీ దొరుకుతుందేమో కనుక్కుంటాను. ఇది మీ దగ్గరే ఉండనీ."

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె పది అడుగులు ముందే నడిచింది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"ఈసారి చెప్పి వెళ్ళండి. నేను రాను."

రండి అనాలో, సరే అనాలో తేలక అనూహ్య గేటు గడియ పట్టుకుని నిలబడిపోయింది.