చరిత్రకారుడి మీసం

అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగు సంఘంలో ఏకపాత్రాభినయం అంటే రాఘవులే. ఆరో తరగతిలో బడి మానేసి నాటక సమాజంలో చేరినవాడు. ఇక్కడ వారమంతా ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు మోస్తాడు. ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో పిల్లలకు అభినయం నేర్పుతాడు. బస్తా కారులో పెట్టించుకుని కనీసం ముఖం కూడా చూడని ఇంజినీర్లు ఆ ఒక్క పూట మాత్రం "మాస్టారూ" అని పిలుస్తారు. ఆ పిలుపు పోతే అతనికి మిగిలేవి బస్తాలే.

పాత్ర ఏదైనా అతని పద్ధతి ఒకటే. ముందు మీసం. ఆడపిల్లయినా సరే, పై పెదవి మీద జిగురు రాసి మీసం అంటించి, "ఇప్పుడు మెలెయ్" అనేవాడు. మీసం అంటుకుంటే గొంతు దానంతట అదే లేస్తుందని అతని నమ్మకం.

పదకొండో గ్రేడ్ చదివే హాసిని ఈసారి సంఘం వార్షికోత్సవానికి పురాణాల్లో రాజులెవరూ వద్దంది. స్కూల్లో చదువుకుందట, రెండు వేల ఏళ్ల కిందటి చైనా చరిత్రకారుడు సిమా చియాన్ కావాలంది. రాఘవులు వినీ విననట్టు విని మీసం తీశాడు.

"అంకుల్, ఈయనకి మీసం ఉండదు."

"ఏం, చైనావాళ్లకి మొలవదా?"

"మొదట్లో ఉండేది. తర్వాత పోయింది." కొంచెం ఆగి, వచ్చిన తెలుగులో చెప్పింది. "ఒక జనరల్ యుద్ధంలో ఓడిపోయి శత్రువులకి సరెండర్ అయ్యాడు. రాజుగారి కోర్టులో అందరూ అతన్ని తిట్టారు. ఈయన ఒక్కడే మంచిగా మాట్లాడాడు. రాజుకి కోపం వచ్చి డెత్ సెంటెన్స్ వేశాడు. అది తప్పాలంటే బోలెడు డబ్బు కట్టాలి, లేకపోతే మగవాడు కాకుండా చేస్తారు. డబ్బు లేదు. రెండోది ఒప్పుకున్నాడు."

రాఘవులు మొహం చిట్లించాడు. "ఛీ. అంత అవమానం దేనికమ్మా? చచ్చిపోతే పోయేదిగా!"

"చచ్చిపోతే బుక్ ఎవరు రాస్తారు అంకుల్? వాళ్ల నాన్న పోయేముందు అడిగాడు, హిస్టరీ అంతా నువ్వే పూర్తి చెయ్యాలి అని. అందరూ నవ్వుతున్నా కూర్చుని రాశాడు."

రాఘవులు మీసాన్ని డబ్బాలో పెట్టేశాడు. ఆ పూట ఇంకేం నేర్పలేదు.

సంగతి సంఘం ప్రెసిడెంట్ ధర్మారావు చెవిన పడింది. స్టోర్‌కే వచ్చి, కందిపప్పు ప్యాకెట్ చేతిలో పట్టుకుని చెప్పాడు.

"మాస్టారూ, ఫ్యామిలీస్ వచ్చే ప్రోగ్రాం. ఆ పనిష్మెంట్ మేటర్ స్టేజ్ మీద ఒక్క మాట వినపడినా మీ సండే క్లాస్ ఉండదు. ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లు రెడీగా ఉన్నారు."

"ఒక్క మాట కూడా రాదు సార్," అన్నాడు రాఘవులు.

ఇంటికి వెళ్లి ఆ మాట చాలాసేపు నమిలాడు. శిక్ష తీసేస్తే కథలో మిగిలేది రాజుగారి కొలువులో ఒక గుమాస్తా. దానికి చప్పట్లు కొడతారు, క్లాస్ ఉంటుంది, మాస్టారూ అంటారు. మర్నాడు హాసినికి ఫోన్ చేసి, ప్రెసిడెంట్ అన్నది చెప్పి, "ఆదివారం ఒక గంట ముందు రా. జిగురు పల్చగా వేద్దాం," అన్నాడు.

వార్షికోత్సవం రోజు హాసిని దర్జాగా మీసంతోనే వచ్చింది. కొలువులో ఓడినవాడి పక్షాన మాట్లాడింది, మీసం మెలేసింది. పిల్లలు ఈలలు వేశారు. "ప్రభువుల తీర్పు వచ్చింది," అని ఆగింది. మరి మాట్లాడలేదు. చెయ్యెత్తి, ఒక కొస పట్టుకుని, మీసాన్ని మెల్లగా ఊడబెరికింది. జిగురు కింద పెదవి ఎర్రగా కందింది. మీసాన్ని బల్ల మీద పెట్టి, ఆ కాలంలో కాగితానికి బదులు వాడిన వెదురు బద్ద ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

హాల్లో ఎవరూ ఈల వేయలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధర్మారావు లేచి తెర వెనక్కి వచ్చాడు.

"ఇదేం పని రాఘవులూ?"

"మాట ఒక్కటీ రాలేదు కదండీ."

"అందరికీ అర్థమైంది."

"అందుకేగా మీసం పెట్టింది."

ధర్మారావు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. హాసిని పెదవి రుద్దుకుంటూ వచ్చింది.

"క్లాస్ పోయిందా అంకుల్?"

"పోయింది. మీసం ఏదీ?"

"బల్ల మీద వదిలేశా."

"పట్రా," అన్నాడు రాఘవులు, సీసాలో స్పిరిట్ గుడ్డ మీద ఒంపుకుంటూ. "జిగురు ఎండిపోతే ఇంకెందుకూ పనికిరాదు."