ఏటవతలి చట్టం

పొద్దుటి నుంచి నూరుద్దీన్ ఎనిమిది కట్టలు విప్పి చూశాడు. ఎనిమిదింటినీ మళ్ళీ కట్టేశాడు. ఆలంపూరు తాలూకా కచేరీ రికార్డుగదిలో ముప్పై ఏళ్ళుగా ఆయనే గుమాస్తా. నిజాం కాలపు ఉర్దూ జరీదాలు, ఆ తర్వాత వచ్చిన ఇంగ్లీషు గెజెట్లు ఏ బీరువాలో ఏ వరసన ఉన్నాయో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గుర్వమ్మ గడప బయట నిలబడి చూస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. తెల్లవారుతుండగా ఊళ్ళో బయల్దేరి నాలుగు కోసులు నడిచి వచ్చింది. శనగచేలో పది అణాల కూలి పోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి చాలాసేపయినా ఆమెకది తెలిసినట్టు లేదు.

"ఏం చట్టమన్నవ్ బిడ్డా? ఇంకోపాలి జెప్పు."

"ఆడపిల్లను జోగినిగ ఇడవొద్దనే చట్టం, సాయబూ. ఏటవతల ఉందంట. కర్నూలు సంతకు బోయినోళ్ళు జెప్పిన్రు. తాళి గట్టినోళ్ళను ఆడ జైల్ల ఏస్తరంట."

నూరుద్దీన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎవరి కోసమని అడగలేదు. అడక్కుండానే ఆమె చెప్పింది.

"నా బిడ్డ ఈదమ్మ. పదేండ్లు. మాగ పున్నానికి గడ్తరంట."

పున్నానికి ఇంకా అయిదు రోజులుంది.

గుర్వమ్మకు తొమ్మిదో ఏట ఎల్లమ్మ పేర తాళి కట్టారు. అమ్మవారికి ఇచ్చేసిన పిల్ల అన్నారు. పెద్దయ్యాక ఊరి పెద్దల్లో ఎవరు తలుపు తట్టినా తీయాల్సి వచ్చింది. ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి ఆమెకు దేనికీ ఏడుపు రావడం మానేసింది. ఈదమ్మను బడిలో వేసినప్పుడు పంతులు తండ్రి పేరు అడిగి, అక్కడొక గీత గీశాడు. ఆ రోజూ ఏడవలేదు. రెండేళ్ళుగా వానలు లేవు. కొత్త జోగిని లేకపోవడం వల్లే అమ్మవారికి కోపమొచ్చిందని పెద్దలు తేల్చారు. జోగిని బిడ్డ ఉండగా ఇంకెవరి పిల్లను అడుగుతారు?

తొమ్మిదో కట్ట కూడా అయిపోయింది.

"వెట్టి జేయించొద్దన్న హుకుం ఉంది," అన్నాడు నూరుద్దీన్. "బాయికాడ అంటుముట్టు వద్దన్న చట్టం మూడేండ్ల కింద వచ్చింది, అదీ ఉంది. గిది నా తాన లేదమ్మా. కర్నూలుల పరమేశ్వర్ అని వకీలున్నడు. గరీబోళ్ళ తాన పైసలు దీస్కోడు. అటు సంగతి ఆయనకే ఎరుక."

తన డబ్బాలోంచి రొట్టె తీసి సగం విరిచి ఇచ్చాడు. ఆమె కొంగులో కట్టుకుంది.

తుంగభద్రలో నీళ్ళు తగ్గి బండలు తేలాయి. పుట్టివాడికి రెండణాలిచ్చి ఆవలి ఒడ్డుకు చేరింది. పొద్దు వాలే వేళకు కర్నూలులో వకీలు ఇల్లు దొరికింది. పరమేశ్వర్ ముప్పై ఏళ్ళవాడు. ఆమె చెప్పినదంతా విని, అల్మైరాలోంచి అట్ట చిరిగిన పుస్తకమొకటి తీశాడు.

"చట్టం ఉంది తల్లీ. నలభై ఏడులో చేసినారు. దేవుడి పేరుమీద ఆడబిడ్డను వదలకూడదు. వదిలినోళ్ళకు శిక్ష."

గుర్వమ్మ ఆ పేజీ వంక చూసింది. ఇంగ్లీషు అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. "గిది మాకు రాసియ్యు దొరా. పటేలుకు జూపిస్త."

పరమేశ్వర్ వేలు పేజీ పైకి పోయి ఆగింది.

"ఇది మదరాసు చట్టం. అప్పుడు మేము వాళ్ళ కింద ఉంటిమి. మీ ఆలంపూరు నిజాం కింద ఉండె. ఏటికి ఆ పక్క ఇది చెల్లదు."

"ఇప్పుడంత ఒక్కటే అయ్యె గదా. రెండేండ్లాయె."

"రాష్ట్రం ఒకటైంది. చట్టాలు ఇంకా కాలేదు." అతను పుస్తకం మూయలేదు. "పసిపిల్లల గురించి పీనల్ కోడులో వేరే సెక్షన్లున్నాయి. దానికి సాక్షులు కావాల. మీ ఊళ్ళో ఎవరన్నా చెప్తారా?"

గుర్వమ్మ ఊరిని ఇంటింటికీ తలుచుకుంది. తల అడ్డంగా ఊపింది.

"హైదరాబాదుకు అర్జీ రాస్తాను," అన్నాడు పరమేశ్వర్.

"ఎన్నొద్దులైతది?"

అతను కాగితం, కలం ముందుకు తీసుకున్నాడు. ఆమె దండం పెట్టి మెట్లు దిగింది. ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకుని మర్నాడు ఏరు దాటి ఊరు చేరింది. ఆ తర్వాత మూడు రోజులు శనగచేలోకి కూలికి పోయింది.

పున్నమినాడు పొద్దున్నే డప్పులొచ్చాయి. వాడ ఆడవాళ్ళు ఈదమ్మకు పసుపు పూసి, కొత్త చీర చుట్టారు. చీర ఎక్కువై కాళ్ళకు అడ్డం పడుతోంది. గుడి ముందు పటేలు, పెద్దలు కూర్చున్నారు. పళ్ళెంలో తాళి పెట్టారు. అది కట్టవలసింది పాత జోగిని. అంటే గుర్వమ్మ.

ఆమె కదల్లేదు.

"ఏమే, పొద్దుపోతాంది," అన్నాడు పటేలు. ఆమె వైపు చూసి నవ్వాడు. "కచేరీకి బోయినవంట. కర్నూలు గూడ బోయినవంట. తెచ్చినవా కాయిదం?"

"లేదు పటేలా. ఏటికి గీ పక్క చట్టం లేదంట."

"లేదు గదా. మరింకేంది? కట్టు."

"నేను గట్ట."

డప్పుల్లో ఒకటి ఆగింది. తక్కినవి రెండు దెబ్బలు తడబడి ఆగాయి.

"ఏ సర్కారు జెప్పిందే కట్టొద్దని?"

"ఏ సర్కారు జెప్పలే. నేనే జెప్తున్న. నా చెయ్యి కట్టది."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని గుర్వమ్మకు కాసేపు తెలియలేదు. భయం వేస్తుందనుకుంది. భయమూ వేయలేదు. పటేలు లేచాడు. రేపటి నుంచి ఈ ఊళ్ళో దీనికి కూలి లేదు, బాయి లేదు అన్నాడు. పక్క ఊరి జోగినిని తీసుకురమ్మని బండి కట్టించాడు. పోయిరావడానికి మూడు గంటలు పడుతుందని ఎవరో అన్నారు.

గుర్వమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. వెనక నలుగురు మగవాళ్ళు వచ్చి వాకిట్లో కాపలాగా నిలబడ్డారు. ఆమె తలుపు దగ్గరికి వేసి, ఈదమ్మను తొట్టి పక్కన కూర్చోబెట్టి, నీళ్ళు పోసి మొహం కడిగింది. చెవుల వెనక పసుపు ఒక పట్టాన వదలడం లేదు.

"అమ్మా, మనమేడికి బోతం?"

"ముందుగాల గీ పసుపు బోవాలె," అని గుర్వమ్మ రెండో చెంబు ముంచింది.